నోట్లో గుండుసూదులు

నలభై ఏళ్లుగా నా అభిప్రాయానికి ఎదురు చెప్పి నెగ్గినవాడు మా వీధిలో లేడు. టీవీలో వార్తలు చదివే అమ్మాయి దగ్గర్నుంచి బల్ల చరిచి మాట్లాడే మంత్రిదాకా, ఎవరి గురించైనా నేను ఒక్క మాట అన్నానంటే అది రాతిమీద గీతే. ఒకసారి నా కేక విని ఫుట్‌బాల్ రిఫరీ తీర్పు మార్చుకున్నాడు. అదీ టీవీలోంచి.

ఈ గొప్పకి కొంచెం కుట్లు విప్పాలి. మా టైలరు దుకాణంలో కటింగ్ మాస్టరు మా బావ, అంటే మా అక్క మొగుడు. నేను మిషను తొక్కేవాణ్ణి. కోటు ఒంటిమీద సరిచేసేటప్పుడు బావ అరడజను గుండుసూదులు పెదాల మధ్య బిగించుకునేవాడు. సరిగ్గా ఆ అదను చూసి నేను నా అభిప్రాయం వదిలేవాణ్ణి. నోరు తెరిస్తే సూదులు రాలాలి, లేదా మింగాలి. “ఊఁ ఊఁ” అంటూ కళ్లెర్రజేసేవాడు పాపం. ఆ సూదులు అయిపోయేలోగా నేను టీకి జారుకునేవాణ్ణి. నా విజయాలన్నీ ఆ బాపతువే.

బావ మనిషిని చూసి చెప్పేవాడు కాదు, బట్టను చూసి చెప్పేవాడు. “ఒరే బామ్మర్దీ, ఆ మంత్రి భుజం కుట్టు జారింది చూడు. వీడు పదవిలో ఏడాది నిలవడు.” నిలవలేదు. “ఈ గాయకుడి పాట బానే ఉంది కానీ కాలరు బిగుతురా. పై స్వరానికెళ్లేసరికి ఊపిరందదు.” అందలేదు.

రెండు నెలల కిందట బావకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ, మాటా పడిపోయాయి. “పక్కన కూర్చుని మాట్లాడిస్తూ ఉండండి. ఈ మొదటి నెలల్లో ఒక్క మాట వచ్చినా ఆశ ఉంటుంది,” అన్నాడు డాక్టరు.

అక్క నా వంక చూసింది. “ఒరే, నీ వాగుడు ఇన్నాళ్లకి పనికొచ్చేట్టుందిరా.”

అప్పట్నుంచి రోజూ సాయంత్రం టీవీ పెట్టి మంచం పక్కన కూర్చుంటున్నాను. కావాలనే తప్పులు మాట్లాడుతున్నాను.

“చూడు బావా, ఈ కొత్త మంత్రికి కోటు ఎంత చక్కగా కుదిరిందో!” ఆ కోటు చేతులు వేళ్లు దాటి వేలాడుతున్నాయి. బావ ఉలకలేదు.

“ఈ కుర్రాడి ముందు పాత గాయకులు దిగదుడుపే కదూ?” పలకలేదు.

“గోల్‌కీపరు తప్పేం లేదు బావా, తప్పంతా బంతిదే.”

“ఆ మాటకి గోడైనా తిట్టాలిరా!” అంది అక్క వంటింట్లోంచి.

బావ తిట్టలేదు. ఇప్పుడు నోట్లో సూదులు లేవు, నేను టీకి పారిపోవడమూ లేదు. రోజూ నేనే గెలుస్తున్నాను. ఇంత దిక్కుమాలిన గెలుపు నా జన్మలో ఎరగను.

నిన్న ఆఖరి అస్త్రం తీశాను. నలభై ఏళ్లు నన్ను ముట్టుకోనివ్వని బావ కత్తెరతో నేనే చొక్కా కత్తిరించి కుట్టుకున్నాను. కాలరు ఒక కొస చెవికి, ఇంకో కొస గుండెకి. అది తొడుక్కుని బావ మీదికి వంగాను.

“నీకంటే నేనే మంచి కటింగ్ మాస్టర్ని బావా.”

బావ ఎడమ చెయ్యి మెల్లగా లేచింది. కాలరు పట్టుకుని కిందికి లాగింది. పెదాలు వణికాయి.

“దరిద్రుడా,” అన్నాడు, స్పష్టంగా.

నేను పెట్టిన కేకకి అక్క గరిటెతో పరిగెత్తుకొచ్చింది. “మాట్లాడారా? ఏమన్నార్రా?”

“నన్ను తిట్టాడక్కా!”

అక్క మంచం పట్టెమీద కూలబడి ఏడ్చింది, నవ్వింది, డాక్టరుకి ఫోను చేస్తానని లేచింది.

రిఫరీ సంగతి మీరెలాగూ నమ్మి ఉండరు. కాలరు లాగడం నిజం. కావాలంటే చొక్కా చూపిస్తాను, గుండీ తెగింది. పెదాలు వణకడమూ నిజమే. ఆ “దరిద్రుడా” మాత్రం నేను కల్పించింది.

అక్కకి చెప్పేద్దామని పొద్దుట్నుంచి రెండుసార్లు వంటింటి గుమ్మందాకా వెళ్లాను. ఆవిడ పొయ్యి దగ్గర కూనిరాగం తీస్తోంది. నా నోట్లో ఎవరో అరడజను గుండుసూదులు పెట్టినట్టయింది. వచ్చి మళ్లీ టీవీ ముందు కూర్చున్నాను.