చిటికెన వేలు

ఎమిల్ హుడాక్ ఈల ఊది, కాల్పులు ఆపి తుపాకులు బల్లల మీద పెట్టేయమని కేక వేశాడు. బల్లల ముందు కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరే లేచి, నేల మీది పసుపు గీత వెనక్కి వచ్చి నిలబడ్డారు. ఎమిల్ కుడిచేతికి తొడుగు లేదు. నవంబరు చలికి ఆ చెయ్యి కందిపోయి ఉంది. మొదటి బల్ల దగ్గర వంగి, రైఫిల్‌లో తూటా కూర్చునే గూటిని మూసే బోల్టు తెరిచి ఉందో లేదో చూసి, ఆ గూట్లోకి చిటికెన వేలు దూర్చాడు. ఖాళీ అని పైకి అని, రెండో బల్లకు నడిచాడు.

జింకల వేట మొదలయ్యే ముందు వచ్చే శనివారం అది. పెన్సిల్వేనియా కొండల్లోని ఆ ఊళ్లో ఏడాదంతా అటకల మీద పడుకున్న తుపాకులన్నీ, గురి చూసుకోవడానికి ఆ రోజు క్లబ్బు మైదానానికి వస్తాయి. కాల్పుల వరుసను కాచే పని ఎమిల్‌ది. జీతం లేదు. ఉక్కు కర్మాగారంలో క్రేను నడిపిన రోజుల్లోనూ సెలవు పెట్టి మరీ వచ్చేవాడు. కర్మాగారం మూతపడ్డాక అతనికి మిగిలిన పని ఇదొక్కటే. వేసవిలో కొత్తవాళ్లకు తుపాకీ పట్టడం నేర్పేవాడు. కంటికి ఏది కావాలో అదే కనిపిస్తుంది, వేలు పెట్టి చూడండి అనేది అతని మొదటి పాఠం. ఊళ్లో సగం మంది ఇప్పటికీ అలాగే చూస్తారు.

ఆ వేలికి ఇప్పుడు స్పర్శ లేదు. చక్కెర జబ్బు ముందు పాదాలను పట్టింది, వేసవిలో చేతివేళ్లకు ఎక్కింది. చొక్కా గుండీ పెట్టుకోవాలన్నా వంగి చూసుకోవలసిందే. ఈ సంగతి భార్య డొలోరెస్‌కు తప్ప ఎవరికీ తెలియదు. క్లబ్బులో చెబితే ఈల తీసేసుకుంటారు. ఆ తర్వాత శనివారాలు ఏం చేసుకోవాలో అతనికి తెలియదు. కిందటి ఆదివారం చర్చిలో మోకరిల్లి, ఈ ఒక్క ఏడాది గట్టెక్కించు తండ్రీ అని అడిగాడు. దేవుణ్ణి అడగదగిన కోరికేనా ఇది అని అప్పుడే అనుమానం వచ్చింది. అయినా అడిగాడు.

నాలుగో బల్ల నార్బర్ట్‌ది. ఇద్దరిదీ ఒకే బడి, ఒకే కర్మాగారం.

"మెల్లిగారా, నా తుపాకీకి చక్కిలిగింతలెక్కువ" అన్నాడు నార్బర్ట్ గీత వెనక నుంచి.

"చక్కిలిగింతలు కాదురా, సిగ్గు. పొద్దున్నుంచీ ఒక్కటీ గురి అట్టకి తగల్లేదు."

అందరూ నవ్వారు. ఎమిల్ నవ్వుతూనే వేలు పెట్టి తీశాడు. ఖాళీ అన్నాడు.

వరుసంతా చూడటం అయ్యాక, ఇక వెళ్లవచ్చని చెప్పాడు. అందరూ గడ్డిలో నడుచుకుంటూ నూరు గజాల అవతలున్న గురి అట్టల వైపు సాగిపోయారు. రెండో కాపలాదారు లోర్నా, స్కూలు బస్సు నడిపే మనిషి, అతని పక్కకు వచ్చింది.

"ఎమిల్ గారూ, నాలుగో బల్ల చూడండి. ముట్టుకోకండి."

దూరం నుంచే మెడ చాచి చూశాడు. గూట్లో ఇత్తడి మెరుస్తోంది. నార్బర్ట్ తూటాను చేత్తో లోపల పెట్టి, బోల్టు మూసేలోగా ఈల వినబడి లేచిపోయి ఉంటాడు.

దాన్ని తీయడానికి లేదు. ఎదురుగా మనుషులుండగా ఎవరూ తుపాకీ మీద చెయ్యి వేయకూడదు, ఖాళీ చేయడానికైనా సరే. ఎవరూ దగ్గరికి రాకుండా ఇద్దరూ ఆ బల్లకు చెరోవైపు నిలబడ్డారు. తుపాకీ మొన అట్టల వైపే ఉంది. అక్కడ నార్బర్ట్ వంగి చిల్లులు వెతుక్కుంటూ, పక్కవాడికి చేతులూపి ఏదో చెబుతున్నాడు. తొందరపడటం అతనికి ఏనాడూ చేతకాలేదు. పిలవనా అని లోర్నా అడిగింది. వద్దన్నాడు ఎమిల్. కంగారుపడి పరుగెత్తుకొస్తారు, వాళ్లంతట వాళ్లనే రానిమ్మన్నాడు.

బోల్టు తెరిచే ఉంది కదా, దానంతటది పేలదు అంది లోర్నా. నిజమే. కాని అతను ఖాళీ అన్నాడు, ఆ మాట నమ్మి వాళ్లంతా నడిచి వెళ్లారు. ఎమిల్ పెదవులు ప్రార్థనకు కదిలాయి, మాట కుదరలేదు. ఏమీ జరగనందుకు కృతజ్ఞత చెప్పుకోవాలా, ఇంతదాకా తెచ్చినందుకు క్షమించమనాలా? ఆదివారం అడిగినదానికి ఇదేనా జవాబు?

అందరూ తిరిగొచ్చి గీత వెనక చేరాక లోర్నా తూటా తీసి జేబులో వేసుకుంది. ఎవరూ గమనించలేదు.

"నేనేం చూళ్లేదు. ఇకనుంచి మీ వెనకాలే నేనూ ఓసారి చూసుకుంటూ వస్తాను, సరేనా? మీరు లేకపోతే ఇక్కడ నాకూ తోచదు" అంది గొంతు తగ్గించి.

ఎమిల్ ఆమె ముఖంలోకి చూశాడు. అది జాలి కాదు, ఆప్యాయతే. ఆమె మాటకు సరేననడం ఎంత తేలికో అప్పుడు తెలిసింది. అయినా చెయ్యి చాపాడు. ఆమె తూటా అతని అరచేతిలో పెట్టింది. దాన్ని తీసుకుని నార్బర్ట్ ముందుకు నడిచి, అందరికీ వినబడేలా చెప్పాడు.

"ఇది నీ తుపాకీలో ఉందిరా. మీరంతా అట్టల దగ్గరున్నంతసేపూ ఉంది. నేను ఖాళీ అన్నాను."

"నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు."

"అందుకే చెబుతున్నా. నా వేళ్లకి స్పర్శ పోయింది. ఎండాకాలం నుంచీ లేదు."

చివరి బల్ల దగ్గరి స్త్రీ తాను నడిచి వచ్చిన గడ్డి వైపు ఒకసారి తిరిగి చూసింది.

"తూటా వదిలేసింది నేను కదరా" అన్నాడు నార్బర్ట్.

"నువ్వు వదిలేస్తావనే కదరా ఇక్కడ నేనున్నది."

ఎమిల్ కోటు మీద వేసుకున్న కాపలాదారు ఎర్ర చొక్కా విప్పి, మడిచి, ఈల దాని మీద పెట్టి లోర్నా చేతికిచ్చాడు. కంకర మీద పాదాలు ఎక్కడ పడుతున్నాయో చూసుకుంటూ ట్రక్కు దాకా నడిచాడు. నార్బర్ట్ అతని వెనక రెండడుగులు వేసి ఆగిపోయాడు. ట్రక్కు కొండ దిగింది. లోర్నా ఈల ఊదింది. కాల్పులు మళ్లీ మొదలయ్యాయి.

మధ్యాహ్నం నార్బర్ట్ చలి కాచుకోవడానికి క్లబ్బు గదిలోకి వెళ్తే, క్యాబేజీ మాడుతున్న వాసన వచ్చింది. ప్రతి శనివారం డొలోరెస్ వాళ్లిద్దరికీ కలిపి వండి ఎమిల్‌తో పంపే గిన్నె పొద్దుటినుంచీ పొయ్యి మీదే ఉంది. భోజనం వేళకు ముందు ఎమిల్ ఇంటికి వెళ్లిన శనివారం అంతకుముందెన్నడూ లేదు. నార్బర్ట్ గిన్నె దించి బల్ల మీద పెట్టాడు, మూత తీయలేదు. పక్కనే, గుడ్డలో చుట్టి, ఎప్పటిలాగే రెండు ఫోర్కులు ఉన్నాయి.