బతికున్నవి కావాలి

“ఎలుకల్ని పట్టుకున్న చేతులతో బియ్యం కడక్కు. ముందు నీళ్ళు పోసుకుని రా” అంది మా అత్తగారు తాయారమ్మ. యూనివర్సిటీ నుంచి వచ్చి చెప్పులైనా విప్పలేదు నేను. మే నెల ఎండకి ఢిల్లీ ఆర్.కె.పురం క్వార్టర్స్‌లో ట్యాంకు నీళ్ళు కాగిపోతున్నాయి. అలాగే పోసుకున్నాను. ఒళ్ళు మండింది. ఒంటికన్నా ముందే కడుపు మండిపోతోంది లెండి.

నేను చూసేది ఇళ్ళలో తిరిగే ఎలుకల్ని కాదు. హిమాలయాల్లో, లాహౌల్ పచ్చికబయళ్ళలో బొరియలు చేసుకునే పొట్టితోక ఎలుకని. బొచ్చూ పళ్ళూ చూసి దాన్ని ఎప్పుడో మామూలు జాతిలో కలిపేశారు. నిరుడు మా ల్యాబులో పనిచేసే శేషగిరి బోన్లు పెట్టి బోలెడు తెచ్చాడు, ఒక్కటి తప్ప అన్నీ చచ్చినవే. తోలు ఒలిచి దూది కూరితే చాలనుకోవడం అతని అలవాటు. ప్రాణంతో మిగిలిన ఆ ఒక్కదాని ఎముకలోంచి మూలుగ తీసి స్లైడు చేశాను. మామూలు జాతికన్నా క్రోమోజోములు రెండు తక్కువ. మళ్ళీ మళ్ళీ చూశాను, తక్కువే. ఇది వేరే జాతి. ఆ మాట చెబితే పొద్దున ప్రొఫెసర్ గారు, “ఒక్క ఎలుకని చూపిస్తే ఎవరు నమ్ముతారు అరుంధతీ? జూన్‌లో శేషగిరి వెళ్ళి ఇంకొన్ని తెస్తాడు. నువ్వు ల్యాబ్ చూసుకో” అన్నారు. మళ్ళీ దూది బొమ్మలే వస్తాయి. క్రోమోజోములు కనబడాలంటే బతికుండగా మందెక్కించి అక్కడికక్కడే మూలుగ తియ్యాలి. ఆ పని మా ల్యాబులో వచ్చింది నాకే.

అన్నం దగ్గర మా ఆయనతో నేనే వెళతానన్నాను. “జూన్‌లో అక్కావాళ్ళొస్తున్నారు. నువ్వు కొండలెక్కితే వండేదెవరు? అయినా ఎలుకకి పేరు లేకపోతే గవర్నమెంటు పడిపోతుందా?” అని నవ్వారు. ఇన్నేళ్ళూ ఆ నవ్వుకి నేనూ నవ్వేదాన్ని. ఆ రోజు నవ్వు రాలేదు. నన్నూ అంతే కదా, చీరా బొట్టూ చూసి కోడలి కోవలో వేసేశారు, లోపలేముందో ఎవరికీ పట్టలేదు. చూడమని నేనూ అడగలేదు.

మర్నాడు ప్రొఫెసర్ గారి గదిలో నిలబడి, “బతికున్నవి కావాలంటే నేనే వెళ్ళాలి సార్” అన్నాను. ఆడవాళ్ళు గుడారాల్లో ఎలా ఉంటారన్నారు. “అక్కడి ఆడవాళ్ళు ఉంటున్నట్టే” అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, “ఠీక్ హై. శేషగిరి నీకు సాయంగా వస్తాడు” అన్నారు.

ఇంటికొచ్చి చెప్పాను. మా ఆయన, “నువ్వేదని అక్క అడిగితే ఏం చెప్పను?” అన్నారు.

“ఆఫీసు పని మీద ఊరెళ్ళిందని చెప్పండి. మీరు వెళ్ళినప్పుడల్లా నేను అలాగే చెబుతాను.”