పక్క సీట్లో బ్రేకు

"ఈ బండి ఏదో ఒక రోజు ఆగదు, చూస్తూ ఉండండి," అన్నాను.

అప్పటికి ఏమీ జరగలేదు. కారు ఇంటి ముందు బుద్ధిగా నిలబడి ఉంది. మా ఆయన చెప్పులు విడుస్తూ, ఆగకపోతే ఇల్లు ఇంకా తొందరగా చేరతాం కదా అన్నారు. మా అమ్మాయి తాళంచెవి మేకుకు తగిలించి లోపలికి వెళ్లిపోయింది. నా మాటలను పట్టించుకునే అలవాటు మా ఇంట్లో ఎప్పుడో పోయింది. తప్పు వాళ్లది కాదు. నాలుగు చినుకులు పడితే గోడ కూలుతుందంటాను. ఫోను మోగకపోతే ఏదో అయిందంటాను, మోగితే అది చెప్పడానికే మోగుతోందంటాను. నూటికి తొంభైతొమ్మిది సార్లు ఏమీ కాదు. మిగిలిన ఆ ఒక్కదాని కోసం నా గుండె పొద్దస్తమానం కొట్టుకుంటూ ఉంటుంది.

ఈసారి మాత్రం ఊరికే అనలేదు. నా కాలు చెప్పింది.

నాకు కారు నడపడం రాదు. ఎప్పుడూ అమ్మాయి పక్కన ముందు సీట్లో కూర్చుంటాను. అది బ్రేకు నొక్కేచోట నా కుడికాలు కూడా నేలను నొక్కుతుంది. నేను నొక్కమని చెప్పను, అదే నొక్కుతుంది. మన కారుకు రెండు బ్రేకులు, ఒకటి కంపెనీది, ఒకటి మీ అమ్మది అని మా ఆయన వేళాకోళం. నవ్వితే నవ్వనీ. ముప్పై ఏళ్లుగా కుట్టుమిషను తొక్కుతున్న కాలు ఇది. ఎంత నొక్కితే సూది ఎక్కడ ఆగుతుందో దానికి తెలుసు.

నా వైపు మ్యాటు అలా నొక్కీ నొక్కీ బొటనవేలు దగ్గర చిల్లు పడింది. అందుకని పోయిన నెల, బడి పిల్లల యూనిఫారాలు కుట్టగా మిగిలిన మందపాటి గుడ్డతో రెండు కొత్తవి కుట్టాను. నాది రెండు పొరలు. అమ్మాయిది అయిదు. అది నర్సు. రోజంతా వార్డులో నిలబడి ఉండేసరికి సాయంత్రానికి మడమలు సలుపుతాయి. కనీసం బండిలోనైనా మెత్తగా ఉండాలని అంచు రెండుసార్లు తిప్పి గట్టిగా కుట్టాను. అయినా నొప్పి తగ్గినట్టు లేదు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా మడమతో వెనక్కి రెండుసార్లు గీరుకునేది. ఇంకో పొర వెయ్యాలి అనుకున్నాను.

నా లెక్క ఏమిటంటే, కాలు నొక్కి మనసులో ఒకటి, రెండు అనుకునేసరికి బండి ఆగాలి. ఎన్నో ఏళ్లుగా అలాగే ఆగింది. ఈమధ్య మెల్లగా వెళ్లేటప్పుడు బాగానే ఆగుతోంది కానీ, ఎవరో హఠాత్తుగా అడ్డం వచ్చి గట్టిగా నొక్కాల్సి వస్తే మూడు దాకా పోతోంది. దానికి తోడు పొద్దున్నే బండి తీసేటప్పుడు కీచుమని చప్పుడు. ఇంట్లో ఎవరికీ పట్టలేదు. నాకు మాత్రం మిషను తొక్కుతున్నా ఆ మూడో అంకే గుర్తొచ్చేది. సోమవారం నుంచి మా అమ్మాయి కొండ మీది ఆసుపత్రిలో కొత్త డ్యూటీలో చేరాలి. దారిలో పదిహేడు మలుపులున్నాయట. ఎక్కేటప్పుడు సరే, దిగేటప్పుడో? బస్సులో వెళ్లమంటే, డ్యూటీ దిగే వేళకు బస్సులు ఉండవంది.

పోరు పెట్టగా పెట్టగా బుధవారం పెద్ద సర్వీసు సెంటరుకు తీసుకెళ్లింది. చల్లటి గది, అద్దాల గోడలు, ఇస్త్రీ చొక్కా వేసుకున్న కుర్రాడు. కారును లోపలికి తోలించాడు. మమ్మల్ని సోఫాలో కూర్చోబెట్టి పావుగంటలో తిరిగొచ్చాడు. నాలుగు చక్రాలకూ ప్యాడ్లు పోయాయి, డిస్కులు పోయాయి, ఈ బండితో ఇంతదాకా రావడమే మీ అదృష్టం అన్నాడు. నిజం చెప్పాలంటే నాకు లోలోపల సంతోషమే వేసింది. ఇన్నాళ్లకు నాకన్నా ఎక్కువ భయపెట్టే మనిషి దొరికాడు. అన్నీ మార్చెయ్యి నాయనా అనబోయాను. ఇంతలో అమ్మాయి, అరిగిన ప్యాడ్లు ఒకసారి చూపించండి అంది. కస్టమర్లు లోపలికి రాకూడదన్నాడు. అయితే బయటికి తెచ్చి చూపించమంది. ఒకసారి విప్పితే మార్చాల్సిందేనన్నాడు. విప్పకుండా అరిగాయని ఎలా తెలిసిందని అడిగి, తాళంచెవి తీసుకుని బయటికి నడిచింది.

దారి పొడుగునా దానితో పోట్లాడాను. చదువుకున్నవాళ్లు చెబితే వినవేం అన్నాను. అతను చదివింది మన మొహాలనమ్మా అంది.

శుక్రవారం దాని ఇప్పటి ఆసుపత్రి అంబులెన్సు డ్రైవరు ప్యాంటు నడుము వదులు చేయించుకోవడానికి వచ్చాడు. మంచి మెకానిక్కు ఎవరని అడిగితే ప్రతివాడూ తన బావమరిది పేరే చెబుతాడు. అందుకని అలా అడగలేదు. నీ సొంత బండికి బ్రేకులు ఎవరి చేత చూపిస్తావు బాబూ అని అడిగాను. గిడ్డంగుల వెనక వీధిలో ముక్తసరి మేస్త్రి ఉంటాడన్నాడు. ఈరోజు ఒక మాట అడిగితే రేపు జవాబిస్తాడట. కానీ ఏం విప్పినా మన కళ్లముందే విప్పుతాడట.

శనివారం పొద్దున్నే వెళ్లాం. అమ్మాయి ముఖం మూరెడు చేసుకునే వచ్చింది. రేకుల షెడ్డు. గోడ మీద ఒక్కొక్క పానాకు దాని ఆకారంలోనే రంగు గీత గీసి, ఆ గీతలో దాన్ని తగిలించారు. మేస్త్రికి మా ఆయన వయసు ఉంటుంది. నేను చెప్పిందంతా, కీచు చప్పుడు, మూడో అంకె, పదిహేడు మలుపులు, అన్నీ తల వంచుకుని విన్నాడు. కారు పైకెత్తి ముందు చక్రం ఊడదీసి, చక్రం పక్కనే నాకో కుర్చీ వేశాడు. ప్యాడు తీసి నా చేతిలో పెట్టి, నా మెడలో వేలాడుతున్న టేపు వైపు చూశాడు. హడావిడిలో దాన్ని ఇంట్లో తీసి రావడం మరిచిపోయాను.

"కొలవండమ్మా," అన్నాడు.

ఇనప రేకును వదిలేసి పైనున్న మందం కొలవమన్నాడు. ఏడు మిల్లీమీటర్లు. కొత్తది పన్నెండు ఉంటుందట, మూడుకు వస్తే మార్చాలట. మిగతా మూడు చక్రాలూ అలాగే కొలిపించాడు. డిస్కు మీద నా వేలు పెట్టి జరపమన్నాడు. గాట్లు లేవు, నున్నగా ఉంది. పొద్దున్న వచ్చే కీచు చప్పుడు రాత్రి మంచుకు పట్టిన తుప్పుదట, నాలుగుసార్లు బ్రేకు వేస్తే పోతుందట. అలా కాకుండా రోజంతా ఇనుము ఇనుమును గీకినట్టు వినబడినా, బండి ఒక పక్కకు లాగినా, పెడలు మెత్తగా లోపలికి దిగిపోయినా ఒక్కరోజు కూడా ఆగకుండా రమ్మన్నాడు. బ్రేకు ఆయిలూ సరిగ్గానే ఉందన్నాడు. ప్యాడ్లు ఇంకో ఏడాది దాకా మార్చక్కర్లేదట.

అమ్మాయి నా వైపు చూసింది, చాలా ఇక అన్నట్టు.

చాలదు. నాకు ఇంకా భయం పట్టుకుంది. అంతా బాగుందనే మనిషిని ఎలా నమ్మడం? ఆ ఇస్త్రీ చొక్కా కుర్రాడు కనీసం జాగ్రత్త పడమన్నాడు. ఇతను ఏమీ మార్చక్కర్లేదంటున్నాడంటే సరిగ్గా చూడలేదనే అనుకున్నాను.

"మీ ప్యాడ్లు బాగుంటే బాగుండనివ్వండి. బండి మాత్రం మూడుకు ఆగుతోంది. మీ అమ్మాయే అయితే సోమవారం ఆ కొండ దిగనిస్తారా?"

"అమ్మా," అంది మా అమ్మాయి పళ్లు బిగించి.

మేస్త్రి చేతులు తుడుచుకుంటూ నా కాలి వైపు చూశాడు. తర్వాత చక్రాలు బిగించి, నన్ను ఎప్పుడూ కూర్చునే సీట్లోనే కూర్చోమని తను స్టీరింగు ముందు కూర్చున్నాడు. అమ్మాయి వెనక ఎక్కింది. గిడ్డంగుల మధ్య ఖాళీ రోడ్డు మీదికి తీసుకెళ్లాడు. ఒకసారి మెల్లగా బ్రేకు వేశాడు. రెండుకే ఆగింది. వెనక నుంచి అమ్మాయి నిట్టూర్చింది. రెండోసారి వేగంగా పోనిచ్చి, ఒక గిడ్డంగి ఎర్ర తలుపు దగ్గరికి రాగానే గట్టిగా నొక్కాడు. నా కాలు కూడా నొక్కింది. ఒకటి, రెండు, మూడు. తలుపు దాటి బారెడు దూరం పోయి ఆగింది.

మేస్త్రి బ్రేకు మీది కాలు తీయకుండా అలాగే ఉంచి, వంగి కిందికి చూశాడు. ఆ తర్వాత ఏదో లాగి తీసి, చూడకుండానే వెనక సీట్లోకి అందించాడు. బండి వెనక్కి తెచ్చి, అదే వేగంతో పోనిచ్చి, మళ్లీ ఎర్ర తలుపు దగ్గర నొక్కాడు. నేను రెండు అనుకోకముందే బండి కట్టేసినట్టు నిలబడింది. నా తల ముందుకూ వెనక్కూ ఊగింది.

"మీ కాలు చెప్పింది నిజమేనమ్మా," అన్నాడు. "మ్యాటు. దాని అంచు మరీ మందంగా ఉంది. జారి పెడలు కిందికి వచ్చి మడత పడుతోంది. మెల్లగా నొక్కితే తెలియదు. గట్టిగా నొక్కితే పెడలు అడుగుదాకా దిగదు." అని, బండి వెనక్కి తిప్పుతూ, "ఎవరు కుట్టారో గానీ కుట్టు గట్టిది. అందుకే మడత విప్పుకోవడం లేదు," అన్నాడు.

నేను వెనక్కి తిరిగాను. మ్యాటు అమ్మాయి ఒడిలో ఉంది. అంచు మధ్యలో పెడలు నొక్కుకున్న గుర్తు నల్లగా, అగ్గిపెట్టెంత ఉంది.

"నేనే కుట్టాను," అన్నాను.

మేస్త్రి నా వైపు చూడలేదు. షెడ్డుకు చేరాక బోల్టులు బిగించిన చక్రాలనే మళ్లీ బిగిస్తూ ఉండిపోయాడు. విప్పి చూసినందుకు ఇచ్చిందేదో తీసుకున్నాడు. సోమవారం వెళ్లొచ్చు, దిగేటప్పుడు గేరు తగ్గించుకుని దిగమను అని మాత్రం చెప్పాడు. ఆ మాట అమ్మాయికి కాదు, నాకు చెప్పాడు.

ఇంటికి బయలుదేరాం. మ్యాటు ఇప్పుడు నా ఒడిలో ఉంది. అయిదు పొరలు. ఏ రోజు ఏ బంతి కోసమో ఏ పిల్లాడు అడ్డం వచ్చి ఉంటే, సోమవారం ఆ పదిహేడు మలుపుల్లో ఒక్కటి తప్పితే, నా దారం, నా సూది, నా చెయ్యి. లోకంలో ఉన్న ప్రమాదాలన్నీ లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను గానీ ఈ ఒక్కటీ తోచలేదు నాకు.

మొదటి సిగ్నల్ దగ్గర ఆగింది. అలవాటు చొప్పున దాని మడమ వెనక్కి కదిలింది, రెండుసార్లు. కింద ఏమీ లేదు. ఒట్టి రేకు మీద చెప్పు గీసుకున్న చప్పుడు.

నేను ఆ కాలినే చూస్తూ ఉండిపోయాను. నెల రోజులుగా చూస్తున్న కాలే.

"అది జారుతోందని నీకు తెలుసా?" అన్నాను.

ఆకుపచ్చ దీపం వెలిగింది. బండి కదిలింది. కూరగాయల బజారు దాటాం, వంతెన ఎక్కాం, దిగాం. అది రోడ్డు మీది చూపు తిప్పలేదు. నేను మళ్లీ అడగలేదు. నా కాలు దాని మానాన అది నొక్కుతూనే ఉంది, ప్రతిసారీ రెండుకే ఆగుతోంది. మా వీధి మలుపు తిరిగింది. ఇంటి ముందు ఆపింది. ఇంజను కట్టేసింది. మా ఆయన గుమ్మంలోకి వచ్చి మమ్మల్ని చూసి, మేమింకా దిగకపోయేసరికి లోపలికి వెళ్లిపోయారు. ఇంజను చల్లారుతూ టిక్కు టిక్కుమంటోంది.

"తెలుసమ్మా," అంది చివరికి. "దానివల్లే బండి ఆగట్లేదని మాత్రం తెలియదు. జారుతోందని చెబితే ఆ రాత్రి నువ్వు నిద్రపోవు. ఎందుకులే అని మడమతో వెనక్కి తోసుకునేదాన్ని." నా ఒడిలోంచి మ్యాటు తీసుకుని, కాసేపు దాని అంచు తడిమింది. "తీసి పారెయ్యొచ్చు కదా అంటావు. మెత్తగా ఉండేదమ్మా."