నేను మోసిన విశేషం

నేను ఒక మూడు గిన్నెల స్టీలు క్యారేజీని. అన్నం, కూర, పెరుగు మోసుకు తిరిగే వస్తువుకి సిగ్గేమిటని మీరు నవ్వవచ్చు. నవ్వండి. నేను మోసినవి ఆ మూడే అయితే నేనూ మీతో కలిసి నవ్వేదాన్నే.

పుట్టింది ఏదో కార్ఖానాలో. రేకు కోసి, మర కింద నొక్కి, గుండ్రంగా వంచి, మెరుగు పెట్టారు. ఆ మెరుగు చూసుకుని కొన్నాళ్ళు నేను వెండి అనుకున్నాను కూడా. రాజమండ్రిలో ఒక స్టీలు సామాన్ల కొట్టు ముందు వేలాడుతుంటే హైమావతి వాళ్ళమ్మ గీచి గీచి బేరమాడి కొంది. మూత మీద కూతురి పేరు కొట్టించింది. మర టకటకమంటూ చుక్కలు పొడుస్తుంటే ప్రాణం పోయినంత పనైంది గానీ, పేరు పడ్డాక గర్వంగానే ఉంది. హైమ తణుకు కాపురానికి వచ్చినప్పుడు సారె సామానుతో పాటు నేనూ వచ్చాను.

హైమ మొగుడు కామేశం రైసు మిల్లులో గుమాస్తా. అతని తల్లి నరసమ్మ గారు మడీ ఆచారం గట్టిగా పట్టిన మనిషి. ఎంగిలి గిన్నె అంటే ఆమడ దూరం. కామేశం తినొచ్చిన క్యారేజీని ఆవిడ కొనగోటితో కూడా ముట్టేది కాదు. ఈ సంగతి కొడుక్కి బాగా తెలుసు.

పెళ్ళైన కొత్తలోనే కామేశం హైమతో అన్నాడు: "బ్యాంకు పరీక్ష రాస్తున్నాను. ఇంట్లో పసిపిల్ల ఏడుపు మొదలైతే ఇంక నేను చదివినట్టే. ఓ రెండేళ్ళు ఆగుదాం." హైమ "మీ ఇష్టం" అంది. పిల్లలు కలగకుండా వేసుకునే మాత్రలు తణుకులో కొంటే మందుల షాపువాడు అమ్మతో అనేస్తాడని కామేశానికి భయం. అందుకని పక్క ఊరు వెళ్ళి కొని, నా అడుగు గిన్నెలో పెట్టుకుని ఇంటికి తెచ్చేవాడు. హైమ నన్ను కడగడానికని పెరట్లోకి పట్టుకెళ్ళి, ఆ అట్ట తీసి జాకెట్టులో దోపుకునేది. పరీక్ష రెండుసార్లు రాశాడు, రెండుసార్లూ పోయింది. ఇంట్లో మాత్రం బ్రహ్మాండమైన నిశ్శబ్దం.

ఆ తరవాత మాత్రలు మానేశారు. కుళాయి తిప్పితే నీళ్ళొచ్చినట్టు కడుపు వచ్చేస్తుందనుకున్నారు ఇద్దరూ. రాలేదు. అప్పటికే నరసమ్మ గారు మనవడో మనవరాలో కలిగేదాకా కాఫీ ముట్టనని మొక్కేసుకుంది. కాఫీ లేకుండా ఆవిడకు తెల్లవారడమంటే ఏమిటో ఆ ఇంట్లో ఉన్నవాళ్ళకే తెలుసు. తలనొప్పితో నుదుటికి గుడ్డ కట్టుకుని పూజ చేసుకునేది. ఆ గుడ్డ చూసినప్పుడల్లా హైమ తల దించుకునేది. అత్తగారు దేవుణ్ణి అడుగుతున్న ఆ రెండేళ్ళూ కోడలు రోజుకో మాత్ర మింగుతూనే ఉందాయె.

ఇక నా సంగతికి వస్తాను. ఆ ఇంట్లో ఆడది నెలకి మూడు రోజులు బయట చేరుతుంది. వంటింటి గడప తొక్కకూడదు. ఆ మూడు రోజులూ నన్ను కట్టేది నరసమ్మ గారు. ఆవిడ వండితే ఏ కూరలోనైనా ఆవ పడాల్సిందే, ఇంగువ దట్టించాల్సిందే. మిల్లులో మధ్యాహ్నం నా మూత తీయగానే, పక్కన కూర్చుని తినే కాటా గవర్రాజు ముక్కు ఎగబీల్చేవాడు.

"ఏంటి కామేశం గారూ, ఇయ్యాల అమ్మగారి చెయ్యి పడ్డట్టుందే! అయితే ఈ నెల కూడా విశేషం లేనట్టే."

అందరూ నవ్వేవారు. కామేశం ముద్ద మింగలేక నీళ్ళు తాగేవాడు. నా మూత తెరిస్తే చాలు, హైమ ఒంటి సంగతి మిల్లంతటికీ తెలిసిపోయేది. దండోరా వేసేవాడికైనా కాస్త కూలి ముడుతుంది. నాకు సిగ్గు తప్ప ఏం మిగిలింది? ఛీ, ఇదీ ఒక బతుకేనా అనిపించేది.

ఒక పొద్దున నన్ను సర్దుతూ హైమ మెల్లగా చెప్పింది: "నిన్న డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళానండీ. మాత్రల వల్ల కడుపేం పాడవదుట. కొందరికి మానగానే వస్తుందిట, కొందరికి నెలలు పడుతుందిట. మనకి ఏడాది దాటింది కదా, ఇద్దరూ రండి, ఇద్దరికీ పరీక్షలు చేద్దామంది."

"నాకెందుకూ పరీక్ష? నాకేమైందని?" అన్నాడు కామేశం చెప్పులు వెతుక్కుంటూ.

హైమ నా మూత బిగించి అతని చేతికిచ్చింది. డాక్టరమ్మ ఎంత చెప్పినా ఆ పిల్ల మనసులో మాత్రం ఆ మాత్రలే తన కడుపు కాల్చేశాయని పడిపోయింది. పెరట్లో నన్ను తోముతూ, "నేనే కదా మింగాను, నేనే కదా" అని గొణుక్కునేది. వినలేక చచ్చేదాన్ని.

మరుసటి నెల రోజులు దగ్గరపడుతుండగా కామేశం గొంతు తగ్గించి అన్నాడు: "ఈసారి నీకు బయటైతే అమ్మకి చెప్పకు. క్యారేజీ నువ్వే కట్టు. మిల్లులో తలెత్తుకోలేకపోతున్నానే." తన సిగ్గు తీసి పెళ్ళాం నెత్తిన పెట్టడం ఎంత సులువో చూశారా! హైమ సరేనంది. అలాగే అయింది, అలాగే దాచింది. ఆ మూడు రోజులూ వండింది, అత్తగారు చెబితే దీపం కూడా పెట్టింది. మైల అంటే ఏమిటో నాకు తెలియదు. ఆ చేతుల్లో నాకు ఏ తేడా కనిపించలేదు.

నరసమ్మ గారు వేళ్ళు మడిచి లెక్క చూసుకుంది. ఇంకొన్నాళ్ళు ఆగింది. ఒక పొద్దున్నే లేచి, మడికట్టుకుని, నా మూడు గిన్నెల నిండా పూర్ణాలు కుక్కింది.

"నా కోడలు నెల తప్పిందిరా! మిల్లులో అందరికీ పంచు."

కామేశం హైమ వైపు చూశాడు. హైమ కామేశం వైపు చూసింది. ఇద్దరిలో ఎవరో ఒకరు నోరు విప్పుతారేమోనని నేను చూశాను. "సరేనమ్మా" అని కామేశం నన్ను అందుకున్నాడు.

మిల్లులో గవర్రాజు పూర్ణం నోట్లో పెట్టుకుని, కామేశం రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి పాపం. "ఇన్నాళ్ళూ ఏదో నోటి దురుసుకి అన్నానండీ. మనసులో ఎట్టుకోకండే."

"అబ్బే, అదేం లేదండీ. అంతా దేవుడి దయ" అన్నాడు కామేశం.

ఆ క్షణాన ముక్కలైపోతే బాగుండుననిపించింది. ఏం లాభం, స్టీలు పగలదు కదా!

సాయంత్రం ఇంటికొచ్చేసరికి నరసమ్మ గారు గ్లాసు నిండా కాఫీ పెట్టుకుని, కళ్ళు మూసుకుని తాగుతోంది. ఆవిడ ముఖంలో ఆ తృప్తి చూసి హైమ ఇంక ఆగలేకపోయింది. కాళ్ళ దగ్గర కూలబడింది.

"ఏమీ లేదు అత్తయ్యా. పోయిన నెల నేను బయట చేరాల్సింది, దాచాను. పెళ్ళైన కొత్తలో రెండేళ్ళూ పిల్లలు కలగకుండా మాత్రలు మింగాను. మీరు నా కోసం కాఫీ మానేశారు. నేను మిమ్మల్ని మోసం చేశాను."

గ్లాసు నేల మీద పెట్టేసింది నరసమ్మ గారు. "మైల చేత్తో దీపం పెట్టావుటే! వచ్చే సంతానాన్ని నీ చేతులతో నువ్వే ఆపుకున్నావుటే! రేపే మీ వాళ్ళకి కబురు పెడతాను, వచ్చి తీసుకుపోతారు."

కామేశం నన్ను పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయాడు. చివరికి, "అమ్మా, దాచమన్నది నేను. మాత్రలు తెచ్చింది కూడా నేనే, ఇదిగో ఈ క్యారేజీలోనే" అన్నాడు. హమ్మయ్య అనుకున్నాను. పిచ్చిదాన్ని.

నరసమ్మ గారు కొడుకు వైపు తిరిగి కూడా చూడలేదు. "మగాడు, వాడికేం తెలుసు? తెస్తే తెచ్చాడు. మింగింది నువ్వే కదే!"

కామేశం ముఖం చూశాను. ఒప్పేసుకున్నాడు కదా, తేలిక పడింది. కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి నడవబోయాడు కూడా.

హైమ కళ్ళు తుడుచుకుని లేచింది. ఆ పిల్ల గొంతు అంత స్థిరంగా నేనెప్పుడూ వినలేదు. "అవును అత్తయ్యా, మింగింది నేనే. ఆయన వంతు మాత్రలు కూడా నేనే మింగాను, ఆయన వంతు మాటలు కూడా నేనే పడ్డాను. డాక్టరమ్మ ఇద్దరికీ పరీక్ష చెయ్యాలంది. ఆయన వంతు పరీక్ష కూడా నేనే చేయించుకోనా?"

కామేశం నన్ను నేల మీద పెట్టాడు. చాలాసేపు నా మూత మీది పేరు వైపే చూస్తూ ఉన్నాడు. తరవాత తల్లితో అన్నాడు: "రేపు క్యారేజీ కట్టొద్దమ్మా. మిల్లుకి వెళ్ళను. హైమతో డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను."

నన్ను కట్టొద్దన్నందుకు నాకు అంత సంతోషం జీవితంలో ఎప్పుడూ కలగలేదు.

ఇదంతా పాత మాట. ఇప్పుడు నేను అటక మీద ఉన్నాను, ఒక గిన్నె సొట్టపోయింది. మీరేం అడగబోతున్నారో నాకు తెలుసు. చివరికి పిల్లలు కలిగారా, ఏమైనా విశేషమా అనే కదా? చెప్పను. ఆ పిల్ల ఒంటి సంగతి ఊరందరికీ మోసింది చాలు.