దుప్పట్లు లేని పటము

తుంగభద్ర కట్టలు దాఁటి కర్నూలు వీథులలోఁ బడవలు నడచిన వెల్లువకు మూఁడవయేఁట మార్గశీర్షమాసమున నొకనాఁటి ప్రాతఃకాలంబున మంచుతెరల మాటున విశ్వవిద్యాలయ ఘంటాగోపురము సగము గీసి విడిచిన చిత్రమువలె నాకాశమునఁ దేలుచుండెను. దానిక్రిందఁ బచ్చికబయలునఁ గట్టిన త్రాళ్లపై వసతిగృహముల దుప్పట్లు ఱెక్కలు ముడిచిన హంసపంక్తులభంగి వ్రేలుచు గాలి సోఁకినప్పుడెల్ల నిద్రలో నిట్టూర్చినట్లు కదలుచుండెను.

వానిని దినదినము నుదికి యారవేయువాఁడు మద్దిలేటి. వాఁడు మితభాషి, వృద్ధుఁడు. ఏటియొడ్డుననుండిన చాకిరేవును గుడిసెయు గోడకు వ్రేలాడిన పెండ్లిపటమును వెల్లువపాలు కాఁగా విద్యాలయమువారు జాలిగొని యాబయలు వానికిఁ జూపిరి. పటము పోయినదని మాత్రము వాని భార్య తిక్కమ్మ యిప్పటికిని గొణుగుచునే యుండును.

విద్యార్థులలోఁ గొందఱకు ఫోటోలు తీయు కొలువిచ్చుట యచ్చటి పద్ధతి. కొలువుగలవారికే కెమెరాయుఁ బటములు దిద్దు సాఫ్టువేరుగల కంప్యూటరుయంత్రమును. కొలువు పోయెనా యామఱుక్షణమే పాస్‌వర్డును బోవును. ఆదోని చేరువ ప్రత్తిరైతు కూఁతురు ఉరుకుందమ్మ యట్టి కొలువుననుండి చివరి పరీక్షకుఁ గావలసిన చిత్రమాలికను సగము దిద్ది యాయంత్రముననే యుంచుకొనియుండెను.

ఆయుదయమున నామె గోపురమును ఫోటో తీయుచుండఁగా తడిదుప్పటిచెఱఁగు పట్టుకొని మద్దిలేటి నడుమకు వచ్చెను.

“నన్ను గూడ పట్టినావా తల్లీ?”

“పట్టినా తాతా. క్యాలెండరు అట్టమీదికి. సాయంత్రం వచ్చి చూసిపో.”

“మా ముసిల్దానికి చెప్తా. పెండ్లిపటంలో మూతి ముడుచుకున్నానని ముప్పై ఏండ్లు దెప్పింది.”

మధ్యాహ్నమున ప్రచారశాఖాధికారిణి విజయభారతి యాపటమును జూచి కనుబొమలు ముడిచెను. “గోపురం బాగుందమ్మా. కానీ ఇది యూనివర్సిటీనా, చాకిరేవా? ఆ గుడ్డలూ ఆ ముసలాయనా లేకుండా సాయంత్రానికి పంపు. లేదంటే రేపటినుంచి ఈ పని ఇంకొకరు చేస్తారు.”

ఉరుకుందమ్మ యంత్రమునెదుటఁ గూర్చుండెను. ఆమె వ్రేలు కదలినకొలఁది దుప్పట్లొక్కటొక్కటిగా నెండకు మంచు విచ్చినట్లు విచ్చిపోయెను. పిదప తలపాగయు భుజమును జేయియుఁ గరఁగిపోఁగా వాని పాదములుండినచోటఁ బచ్చిక మొలచెను.

సాయంకాలమున మద్దిలేటి యుదికిన చొక్కా తొడిగికొని వచ్చి యంత్రములోని యాపటమునెదుట నిలిచి తన్నుఁ దాను వెదకెను.

“నేనేడుండా తల్లీ?”

“తీసేయమన్నారు తాతా. తీయకుంటే నా కొలువు పోతాది. నా పరీక్ష పటాలన్నీ ఈ మిషన్లోనే ఉండాయి.”

“పోనీలే. ఏరు గూడ అడిగి తీస్కపోలేదు గదా.”

అని మరలఁబోవుచు వాఁడు తటాలున నాఁగి పటము క్రిందియంచుకడకు వంగెను. అందు దుప్పట్లనుండి కాఱిన నీరు పచ్చికలోఁ జిన్నమడుగు కట్టియుండెను. నేలమీఁది మనుష్యునిఁ దుడిచిన కన్య నీటిలోని మనుష్యుని మఱచెను. తలపాగతోఁ జేతిలోని దుప్పటిచెఱఁగుతో మద్దిలేటి యందుఁ దలక్రిందుగా నిలిచి నవ్వుచుండెను.

“ఇదో, ఈడుండా గదా. గబ్బిలం మాదిరి. దీన్ని గూడ తుడిచేస్తావా?”

ఆమె మౌసును మడుగుమీఁదికిఁ జేర్చెను. అధికారిణి కంటఁబడెనా కొలువును జిత్రమాలికయు నొక్కమాటఁ బోవును. తుదకామె దాని నట్లే యుంచి పంపివేసెను. వృద్ధుఁడు వెడలలేదు, ఇరువురు నుత్తరమునకై వేచియుండిరి. దీపములు పెట్టువేళకు విజయభారతి యుత్తరము వచ్చెను. “శుభ్రంగా ఉంది. ప్రెస్సుకు పంపిస్తున్నాం.”

గోపురమును జూచువారి దృష్టి శిఖరమువఱకుఁ బోవునే కాని పాదమువఱకు దిగునా?

మఱునాఁటి యుదయమున మద్దిలేటి తిక్కమ్మను వెంటఁబెట్టుకొని యాబయలికి వచ్చెను. దుప్పట్లారవేసెను. కడపటిదానిని మాత్రము పిండక త్రాటిపై వైచి నీరు కాఱి మడుగు నిండువఱకు నిలిచి పిదప భార్య నొడ్డునకుఁ బిలిచి ప్రక్కనఁ దాను నిలువఁబడి మూతి ముడువక నీటిలోనికిఁ జూచెను.