ఆడి నెలకు ఇద్దరం

"రేణుకా, రుబ్బింది సాల్లే! మీ నాయన వచ్చినాడు" అని అత్త వాకిట్లోంచి కేకేసింది.

పిండి చేతులతోనే పరిగెత్తాను. "బి.ఏ. సదివిన పిల్ల, సూడు, దూడ మాదిరి ఎట్ల దూకుతాందో" అంది అత్త. అరుగు మీద మామిడిపండ్ల బుట్ట, దాని పక్కన నవ్వుతూ మా నాయన. "ఆడి నెల వచ్చె గదమ్మా. రేపు పిల్చుకపోతా" అన్నాడు.

ఆషాఢాన్ని కనిపెట్టిన వాళ్లెవరో గాని వాళ్ల కడుపు చల్లగా! నెలంతా కార్వేటినగరంలో అమ్మ చేతి వంట, పొద్దెక్కేదాకా నిద్ర. అంతలో మా ఆయన జయరామ్ మిల్లు నుంచి భోజనానికొచ్చి, "వచ్చినారా మామా" అన్నాడు. ఆ గొంతులో దిగులు విని ఒక పక్క నవ్వు, ఇంకో పక్క ఈయన్ని వదిలి నెల రోజులెట్లా అన్న గుబులు. పెళ్లయిన కొత్తలో ఈ రెండూ కలిసే వస్తాయేమో.

అన్నం వడ్డిస్తుంటే జయరామ్ అన్నాడు: "తంగమణి పొద్దున షిఫ్టు సైరన్‌కు మళ్లా మిషను కిందకు దూరింది. ఇంగోసారి అట్ల జేస్తే పేరు కొట్టేస్తారంట. క్వార్టర్సూ పోతాది."

నా చేతిలో గరిటె ఆగిపోయింది. తంగమణి మా వెనక వరసలోనే ఉంటుంది. సిలోన్ నుంచి పడవలో వచ్చి, మండపం శరణార్థుల క్యాంపులో ఉండి, మిగతా కాందిశీకులతో పాటు పుత్తూరు దగ్గర ఈ నూలుమిల్లులో పనికి కుదిరింది. నాలాగే కొత్తగా పెళ్లయింది, మొగుడు కుప్పుస్వామీ మిల్లులోనే. మొదటిసారి నా టీ తాగి, "ఇది టీయా అక్కా? మా తోటలో మేకలు గూడా తాగవు" అని పకపకా నవ్విన పిల్ల. తమిళుల మీద గొడవలప్పుడు ఆ టీ తోటలో వాళ్ల కూలీ లైన్ల ఇళ్లకు నిప్పు పెట్టిన రోజు కూడా ఇట్లాగే సైరన్ మోగిందట. వాళ్ల నాన్న ఆ మంటల్లో పోయాడు. ఇటు రావడానికి అమ్మకు కాగితాలు రాలేదు. ఇదంతా తెలిసీ మిల్లులో ఆమెకు పెట్టిన పేరు పిచ్చిది. నేను ఈ ఇంటికి వచ్చిన కొత్తలో పాల గిన్నె ముందు నిలబడి ఏడుస్తుంటే, "పుట్టింటి మీద బెంగలే" అని అత్త తల నిమిరింది, జయరామ్ సినిమాకు తీసుకుపోయాడు. బస్సెక్కితే గంటలో చేరే ఊరి కోసం నేనేడిస్తే బెంగ, కాలిపోయిన ఊరి కోసం ఆమె ఏడిస్తే పిచ్చి!

"కొత్తగా పెండ్లయినోళ్లకు ఆడి లీవు ఇస్తారు గదా, ఆమెకూ ఇయ్యొచ్చు గదా?" అన్నాను.

"పుట్టింటి నుంచి ఎవురన్నా పిలవను వచ్చి మేనేజరును అడగాల. ఆ పిల్లకు ఎవురుండారు?"

నేను నాయన వైపు చూశాను. నాయన ముద్ద నోటి దగ్గరే ఆపి, "నన్నెందుకట్ల సూస్తావు?" అన్నాడు.

"నువ్వు అడుగు నాయనా."

"ఆ పిచ్చిదాన్నా?" అంది అత్త. "కులమేందో, గోత్రమేందో! యాడ కూర్సోబెడతారు?"

"నా పక్కన."

"నువ్వు పోతే పోతివి. నెలంతా పిండి ఎవురు రుబ్బేది?"

"మీ కొడుక్కు రెండు చేతులుండాయి కదత్తా."

జయరామ్‌కు పొలమారింది. అత్త కొడుక్కు నీళ్లందించి, గోడతో చెబుతున్నట్టు అంది: "నా మొదుటి ఆడికి ఎవురూ రాలా. రుబ్బుతా ఏడుస్తా ఉంటి. యాల ఏడస్తాండావని అడిగినోళ్లు లేరు." ఇంకో గరిటె అన్నం నాయన విస్తట్లో వేసి, "అడగన్నా. నోరు అరిగిపోతాదా?" అంది.

నేను తంగమణి ఇంటికి పరిగెత్తాను. అందరం మాట్లాడేసుకున్నాం గాని, వస్తావా అని ఆమెను అడగనే లేదు!

ఆమె మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుని అంతా విన్నది. "మీ ఊర్లో సైరన్ ఉందా అక్కా?"

"లేదు. ఉండేది మా అమ్మ గొంతే."

తలవంచుకుని నవ్వింది. తర్వాత ఏడ్చింది. నేను ఆపమనలేదు. కళ్లు తుడుచుకుని, "వస్తా. టీ మాత్రం నేనే పెడతా, నువ్వు ముట్టుకోకూడదు" అంది.

నెలకే ఆమె భయం పోతుందనుకునేంత పిచ్చిదాన్ని కాను నేను. అందుకే ఇంటికి రాగానే జయరామ్‌కు చెప్పాను: "మేం తిరిగొచ్చేలోపల సైరన్ తీసేసి గంట కొట్టమని మీ యూనియన్ చేత అడిగించు. భయం ఆమెది, కూత మిల్లుది. మారాల్సింది మిల్లు. అడగలేదని తెలిసిందో, శ్రావణమొచ్చినా నేను రాను."

"రేపే అడుగుతా తల్లీ" అన్నాడు, దణ్ణం పెడుతూ. తర్వాత నాయన వైపు తిరిగి, "అయినా మామా, ఆ పిల్లది సిలోనని మేనేజరుకు తెలీదా?" అన్నాడు.

"తెలిస్తే ఏమప్పా? పిలవను మనిషి రావాలంటిరి. మనిషి వచ్చినాడు." నాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని నాతో అన్నాడు: "రేపు మొదుటి బస్సు వద్దమ్మా, రెండోదానికి పోదాం. పొద్దున్నే నేను మిల్లుకాడికి పోయి, మా చిన్నబిడ్డను పంపించండని అడగాల."