తాళంచెవి లేని ఖాతా

చంద్రకాంతమ్మ క్యాను మూత తీసి పది నిమిషాలయింది. పలమనేరు దగ్గరి ఆ పాలకేంద్రంలో ఆవు చెవి ట్యాగు నంబరు కొడితేగాని యంత్రం పాలు తీసుకోదు. నంబరు కొట్టిన ప్రతిసారీ తెరమీద ఒకటే మాట: ఈ ఆవు లేదు.

పాడి సంఘం ఆవుల రికార్డులన్నీ పోయిన నెలే బ్లాక్‌చెయిన్ మీదికి ఎక్కించింది. అందులో రాసింది బ్రహ్మ కూడా చెరపలేడట. ఒక్కో సభ్యురాలికి ఒక ఖాతా, దానికో రహస్య తాళంచెవి. నేర్పడానికొచ్చిన గిరిప్రసాద్ మనుషులవి కాని ఖాతాల గురించీ చెప్పాడు. "ఇవి సిస్టంవి. ఒకటి కొత్త ఆవుల్ని నమోదు చేస్తుంది. ఇంకోదానికి తాళంచెవి ఎవరి దగ్గరా లేదు. అందులోకి పోయినదాన్ని ఏ మనిషీ ముట్టుకోలేడు."

చంద్రకాంతమ్మకు చేతులు వాటంతటవే జోడయ్యాయి. వాళ్లింట్లో తొలిచూలు దూడ కొండమీది స్వామిది. పేరు ఆయనది, మేత వీళ్లది. ఇప్పుడు క్యానులో ఉన్న పాలిచ్చిన గౌరి అలాంటిదే. ఏ మనిషీ ముట్టుకోలేని ఖాతా స్వామిది కాక ఇంకెవరిది? నిన్న రాత్రి కాళ్లు కడుక్కుని, కర్పూరం వెలిగించి, గౌరి రికార్డును ఆ ఖాతాకు పంపేసింది. "నిశ్చయమేనా?" అని ఫోను రెండుసార్లు అడిగింది. మొక్కు దగ్గర ఈ ఆరాలేమిటని ఆమెకు కోపం కూడా వచ్చింది.

ఇప్పుడు గిరిప్రసాద్ తల పట్టుకున్నాడు. "అది చెత్తబుట్టమ్మా! చచ్చిపోయిన ఆవుల రికార్డులు పారేసే ఖాతా."

"ఆ మాట ఆ పొద్దే ఏల చెప్పలేదప్పా? తెరవలేరు, ముట్టుకోలేరు అని దేవుణ్ణి పొగిడినట్టు పొగిడితివే!"

"వెనక్కి తేలేం. కొత్త ఆవుగా ఎక్కిస్తాను. తల్లి పేరు మాత్రం ఖాళీగా ఉంటుంది. పుట్టినరోజు ఈరోజే పడుతుంది."

"నాలుగేండ్ల ఆవుకు తల్లి లేకుండా చేస్తివా! కపిల నా చేతులమీదే ఈనింది దీన్ని."

వరుసలో ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. క్యానులో పాలు విరిగిపోతాయని చంద్రకాంతమ్మ పళ్లు బిగించి, "సరే, ఎక్కించు" అంది.

గిరిప్రసాద్ ఎక్కించాడు. యంత్రం ఎర్రదీపం వెలిగించింది: వయసు సున్నా రోజులు. దూడ పాలు తీసుకోబడవు.

చంద్రకాంతమ్మ ఇంటికి పోయింది. పావుగంటలో గౌరిని తోలుకొచ్చి, పలుపుతాడు గిరిప్రసాద్ బల్లకాలికి కట్టేసింది.

"ఇదేంటమ్మా?"

"ఈ పొద్దే పుట్టిన దూడ. తల్లి లేదు. పుట్టించినోడివి నువ్వే, సాకు నాయనా."

గౌరి కంప్యూటరు తీగను వాసన చూసి, నోట్లో పెట్టుకుంది.

"అమ్మా, అమ్మా! పాత పాల లెక్కల పుస్తకం యాడుండాది?" గిరిప్రసాద్ నోట బెంగళూరు చదువంతా పోయి సొంత ఊరి మాట వచ్చింది.

ఎవరో బీరువామీదినుంచి పుస్తకం దించి దుమ్ము దులిపారు. అతను పెన్ను తీసి గౌరి నంబరు, పాల కొలత రాశాడు.

చంద్రకాంతమ్మ ముడి విప్పలేదు. "తల్లి పేరు కపిల. అది కూడా రాయి."